ఒక్క జీతానికి రెండు కొసలు

“కొస పట్టుకున్నవా?”

“పట్టుకున్న. గుంజు.”

నేనూ మా ఆయనా చివరిగా మాట్లాడుకున్న మాటలు ఇవే. అడిగింది నేను, చెప్పింది ఆయన. పోయిన ఏడాది ఒక ఆదివారం పొద్దున, బెంగుళూరులో మేం కిరాయికున్న ఇంటి మిద్దె మీద. ఇంటి ఓనరమ్మ చీరకు గంజి పెట్టి ఆరేశాం. అది ఆరింది, చెరో కొస పట్టుకుని మడత పెడుతున్నాం. చివరి మడతకు ఆయన నా దాకా నడిచి వచ్చి తన కొస నా చేతిలో పెట్టాడు, పోయి నీడలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లకు చాయ్ తాగుతావా అని అడిగేదేముంది? అడగకుండానే కిందికి పోయి చాయ్ పెట్టుకుని వచ్చాను. మనిషి అట్లాగే కూర్చుని ఉన్నాడు. ప్రాణం మాత్రం లేదు.

ఇది ఏడుపు కోసం చెప్పడం లేదు. ఏడ్చింది చాలు. ఆయన పోయాక నేను గద్వాలకు వచ్చేశాను. మొన్న నా బిడ్డ బెంగుళూరు నుంచి ఫోన్ చేసింది. దానికి పాప పుట్టి ఆరు నెలలయింది. పనికి పోవడం మానేసింది. ఇప్పుడు ఆ ఇంట్లో అల్లుడి జీతం ఒక్కటే. “నువ్వూ పాపా కొన్నేళ్లు గద్వాలకు పోండి, నేను దోస్తుల రూముల ఉంట” అని అల్లుడు అంటున్నాడట. నా బిడ్డ అడిగింది కదా, “అమ్మా, నాయన ఒక్కని జీతంతోటి మనం నలుగురం గంత పెద్ద ఊర్ల ఎట్ల బతికినమే?”

“గది ఫోన్‌ల చెప్పేది కాదే. రాయించి పంపిస్త” అన్నాను.

నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు బోర్డు కూడబలుక్కుని చదువుతాను. అంతకు మించి రాదు. అందుకని నేను చెబుతుంటే మా ఆడబిడ్డ రాస్తోంది. మా ఆయనకు చెల్లెలు. అమరచింతలో ఇచ్చారు. ఈమె పదో తరగతి దాకా చదివింది. ఆ సంగతి నా పెళ్లి నాటి నుంచి నాకు చెబుతూనే ఉంది.

“అది గూడ రాయాల్నా వదినె?” అంటోంది.

“రాయి పిల్లా. నువ్వు చదివిన చదువు ఇంకెప్పుడు పనికొస్తది?”

మాది గద్వాలలో మగ్గం ఇల్లు. మా చీరకు నడిమి పొట్ట నూలు, అంచు పట్టు. నూలు పోగు వచ్చి అంచు దగ్గర పట్టు పోగును పెనవేసుకోవాలి. పోగు మోసే నాడె అటూ ఇటూ ఆడిన ప్రతిసారీ పెనవేసుకోవాలి, లేకపోతే చీర అక్కడ చిల్లు పడుతుంది. ఆ పని ఒక్కడితో కాదు. నడుమ కూర్చుని ఆయన నాడె విసిరేవాడు, పక్కన కూర్చుని నేను అంచు నాడె అందించేదాన్ని. పొద్దున మొదలుపెడితే ఇద్దరి కాళ్లూ మగ్గం కింద తవ్విన ఒక్క గుంటలోనే. కొట్లాడుకున్న రోజు కూడా పక్కపక్కనే కూర్చోవాల్సిందే. మాట్లాడకపోయినా నాడె అందించాలి కదా! మధ్యాహ్నానికి కోపం ఎటుపోయేదో తెలిసేది కాదు. ఇద్దరం కూర్చుంటే కూలి మాత్రం ఒక్కటే వచ్చేది. చీరకు ఇంత అని షావుకారు ఇచ్చేవాడు. చీరలు అమ్ముడుపోని నెలల్లో అదీ లేదు.

అట్లాంటప్పుడు బెంగుళూరులో ఒక చీరల దుకాణం వాళ్లకు మనిషి కావాలని కబురు వచ్చింది. ఏది చేతి నేతో, ఏది మరమగ్గమో చేత్తో తడిమి చెప్పాలి. చీరలు విప్పి చూపించాలి, మళ్లీ మడత పెట్టాలి. నెల నెలా జీతం. మా ఆయన మొదట ఒక్కడే పోదామనుకున్నాడు. మా వీధిలో పోయినవాళ్లంతా అట్లాగే పోయారు. ఐదుగురు మగాళ్లు ఒక రూములో పడుకోవడం, వంతుల వారీగా వండుకోవడం, రెండు నెలలకోసారి రాత్రి బస్సెక్కి వచ్చి పిల్లల మొహం చూసి పోవడం.

ఇదిగో, ఇప్పుడు రాస్తున్న ఈమె ఆ రోజు అమరచింత నుంచి పనిగట్టుకుని వచ్చి నాకు చెప్పింది. “వదినె, అన్న ఒక్కడు పోతె జీతం మిగుల్తది. మీరు గూడ పోతె జీతమంత ఇంటి కిరాయికే పెడ్తరు. మూడు నెల్లకే మూట నెత్తిన పెట్టుకుని వస్తరు, సూడు.”

“నేను గట్ల అనలే!”

“అన్నవ్. రాయి.”

నేను ఒకటే మాట అన్నాను. “ఆయన ఒక్కడే మగ్గం మీద కూసుంటె చీరొస్తదా? గీ గద్వాల్ల ఇద్దరం చేస్తె ఒక కూలి. గాడ ఒక్కడు చేస్తె ఒక జీతం. నాకు ఖాళీ దొరుకుతది, మంచిదే కదా!”

మా ఆయన నవ్వాడు. నవ్వుతూనే షరతు పెట్టాడు. “ఒక్క ఏడాది సూద్దాం. కిరాయి పెరిగిందనుకో, మనతోని కాదు. నువ్వు, పిల్లలు గద్వాలకు. నేను రూముకు. మాట?”

“మాట” అన్నాను.

మగ్గం అమ్మేశాం. పడుగుకు, అంటే మగ్గానికెక్కే నిలువు పోగులకు, గంజి రాసే పెద్ద కుంచె మాత్రం నేను అమ్మనివ్వలేదు. ట్రంకు పెట్టెలో బట్టల కింద పెట్టాను. “మగ్గం లేనోల్లకు కుంచె ఎందుకే?” అని ఆయన అంటే, “పండ్లు తోముకుంట” అన్నాను.

బెంగుళూరు చేరాక ఇళ్లు చూడడం మొదలుపెట్టాం. ఏ ఇంటికి పోయినా నేను మొదట నేల చూసేదాన్ని. మడమతో రెండు సార్లు తన్ని చూసేదాన్ని. రెండో అంతస్తులో ఒక గది చూపిస్తుంటే, “గీ బండలు తీసి గుంట తవ్వుకోనిస్తరా? ఎప్పటికన్న మగ్గం పెట్టుకుంటె?” అని ఆయన చెవిలో అడిగాను.

“తవ్వుకో” అన్నాడు. “తవ్వుకుంట పోతె సీదా కింది ఇంటోల్ల వంటింట్ల పడ్తవ్. వాల్లు చాయ్ గిట్ల పోస్తె తాగి రా.”

చివరికి ఒక పెద్ద మేడ వెనకాల ఒక్క గది దొరికింది. ఓనరమ్మ కన్నడామె. బడిలో పంతులమ్మగా చేసి దిగిపోయింది. భర్త లేడు. నవ్వు అసలే లేదు. నీళ్లు ఎప్పుడు పట్టాలి, చెప్పులు ఎక్కడ విప్పాలి, పిల్లలు ఎంత గట్టిగా ఏడవాలి, అన్నిటికీ లెక్క. నాకు రాయచూరు సంతకు పోయి వచ్చేంత కన్నడం వచ్చు. ఆమెకు నా మొహం చూసి అర్థం చేసుకునేంత తెలుగు వచ్చు. అట్లా నడిచిపోయింది.

ఒక్క జీతంతో ఎట్లా గడిచింది అంటే, సంతోషంగా గడిచింది. నమ్మితే నమ్ము బిడ్డా. జొన్నపిండి మీ మేనత్త బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపేది. ధరూరులో మా అన్న చేను నుంచి పల్లీలు వచ్చేవి. పల్లీల పొడి, రొట్టె, మజ్జిగ. కూర వండిన రోజు పండుగ. సాయంత్రం నీకూ తమ్ముడికీ తల దువ్వి, మీ నాయన దుకాణం దాకా నడిపించుకుని పోయేదాన్ని. లోపలికి పోయేవాళ్లం కాదు. అద్దాల బయట నిలబడి చూసేవాళ్లం. లోపల మీ నాయన తెల్లచొక్కా వేసుకుని, పరుపు మీద కూర్చుని, పట్టుచీరలు ఒకదాని మీద ఒకటి విప్పుతుండేవాడు. ఎదురుగా సేటు పెళ్లాం లాంటి ఒకామె. మీరిద్దరూ అద్దానికి ముక్కు ఆనించి నాలుక బయట పెట్టేవాళ్లు. ఆయన మొహం రాయిలాగా పెట్టేవాడు. ఆమె అటు తిరగ్గానే ఒక్క కనుబొమ్మ ఎగరేసేవాడు, మళ్లీ రాయి. మనకు అదే సినిమా. టికెట్టు లేదు, ఏసీ గాలి లేదు, అంతే.

జీతం వచ్చిన రోజు మాత్రం హోటల్‌కు పోయేవాళ్లం. సెట్ దోశ అని ఉంటుంది అక్కడ, ప్లేటుకు మూడు. మేం నలుగురం. పిల్లలకు చెరొకటి పోగా ఒకటి మిగిలేది. “నేను దుకాణంల తిన్న” అనేవాడు ఆయన. అబద్ధం. “నాకు పన్ను నొస్తుంది” అనేదాన్ని నేను. అదీ అబద్ధమే. ఇద్దరం ప్లేటు ఇటు జరిపి, అటు జరిపి, దోశ చల్లబడేది. ఏడేళ్ల పిల్ల, నా బిడ్డ, పెద్ద మనిషిలాగా దాన్ని నడిమికి చింపి, “ఇగ తినుండ్రి, నౌకరోడు మనల్నే సూస్తుండు” అనేది. గుర్తుందా నీకు?

అట్లా పదకొండు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం ఓనరమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. పై నెల నుంచి కిరాయి పెంచుతున్నానంది. ఎక్కువ ఇచ్చేవాళ్లు అడుగుతున్నారంది. అంతే చెప్పి పోయింది. మా ఆయన కుర్చీ వేసుకుని ఎక్కి అటక మీది ట్రంకు పెట్టె దించాడు. మీద దుమ్ము తుడిచాడు. “పిల్లల పరీచ్చలు అయినంక దింపొస్త” అన్నాడు.

నేను రొట్టెలు చేస్తున్నాను. పెనం మీద రొట్టె మాడింది. మాడిన వాసన వచ్చేదాకా నాకు తెలియలేదు. మాట ఇచ్చినదాన్ని నేనే కదా, ఏమని అడ్డం పడను?

రెండు రోజులకు ఓనరమ్మ మెట్ల మీద కూర్చుని ఒక చీర ఒళ్లో పెట్టుకుని ఎవరినో తిడుతోంది. చూస్తే ఏముంది, మా గద్వాల చీర! ఎప్పుడో ఆమె భర్త కొనిచ్చిందట. దాన్ని చాకలికి వేస్తే వాడు మొత్తం గంజి బకెట్‌లో ముంచి తీశాడు. పట్టు అంచు అట్టలాగా బిగుసుకుంది. నూలు పొట్ట ముడుచుకుపోయి అంచు పొడవునా కుచ్చులు పడింది. ఆదివారం చెల్లెలి కూతురి నిశ్చితార్థానికి ఇదే కట్టుకోవాలట.

నాకు చేతులు ఆగలేదు. “ఇటియ్యమ్మా, నేను చేస్త” అన్నాను. ఆమె అనుమానంగానే ఇచ్చింది.

ఆ చీరను బాగు చేయడానికి మాకు తెలిసిన దారి ఒక్కటే. నీళ్లలో జాడించి పాత గంజి వదలగొట్టాలి. తడి మీదనే రెండు కొసలూ లాగి, పడుగు సాగదీసినట్టు గాలిలో బిగబట్టాలి. అంచుకు తగలకుండా నూలు పొట్టకు మాత్రమే కుంచెతో గంజి రాయాలి. ఆరేదాకా బిగువు వదలకూడదు. అప్పుడు కుచ్చులు పోతాయి. గద్వాలలో అయితే ఈ పని తెల్లవారంగ వీధి నడుమ చేస్తాం. పడుగు వీధి పొడవునా సాగి ఉంటే మా దగ్గర బండివాడైనా, పెద్దమనిషి అయినా ఆగుతాడు, పక్క సందులోంచి పోతాడు. అది అడగాల్సిన పని కూడా కాదు.

నేను బెంగుళూరులో ఉన్నానన్న సంగతి మరిచిపోయాను. అంతే తప్పు. ఇంకేం లేదు.

మర్నాడు పొద్దున్నే అన్నం వార్చిన గంజి వడగట్టి, నాలుగు చుక్కల నూనె వేసి, పెట్టె అడుగు నుంచి కుంచె తీశాను. దుకాణానికి బయలుదేరుతున్న మా ఆయనను తెల్లచొక్కాతోనే వీధిలోకి లాక్కుపోయాను. చీర ఒక కొసను వెదురు కర్రకు చుట్టి కరెంటు స్తంభానికి కట్టాను. రెండో కొస కర్ర ఆయన చేతికిచ్చాను. ఆ సందే చిన్నది. మా చీర పరుచుకుంటే ఇంక పిల్లి కూడా పోలేదు.

“కొస పట్టుకున్నవా?”

“పట్టుకున్న. గుంజు. జల్ది కానియ్, దుకాణంల సేటు తిడ్తడు.”

సగం పొట్టకు గంజి రాశానో లేదో, పాల వ్యాను వచ్చింది. దాని వెనక బడి పిల్లల ఆటో. దాని వెనక ఇంకో ఆటో. హారన్లు. నేను కుంచె ఎత్తి అరిచాను, “జర ఆగయ్యా! తడి మీదికెల్లి తోల్తవా ఏంది? కండ్లు లేవా?” ఆటో అతనికి తెలుగు రాదు కానీ కుంచె అర్థమయింది. పిల్లలు ఆటో దిగి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. ఇంట్లోంచి ఉరికొచ్చి మా వాళ్లు కూడా వాళ్లలో కలిశారు. మూడేళ్ల కొడుకు లాగు లేకుండా.

“ఏనమ్మా ఇదు!” అని పై నుంచి ఓనరమ్మ కేక. ఏంది ఇది అని. భర్త కొనిచ్చిన చీర నడివీధిలో, దానికి అటు ఆటోలు, ఇటు జనం. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా దిగి వచ్చింది. మా ఆయన వైపు చూసి, వదులు, ముందు దాన్ని వదులు అని చేతులు ఊపుతోంది. ఇక కిరాయి మాట దేవుడెరుగు, ఈ రోజే సామాన్లు బయట పడేస్తుంది అనుకున్నాను.

మా ఆయన జీవితంలో ఎవరికీ ఎదురు చెప్పలేదు. షావుకారుకు చెప్పలేదు, సేటుకు చెప్పలేదు. ఆ రోజు చెప్పాడు. “వదలనమ్మా. వదిల్తె మట్టిల పడ్తది, చీర ఖరాబైతది. జీతం కోసుకుంటె కోసుకోనీ, మీరు ఇల్లు ఖాళీ చెయ్యమంటె రేపు చేస్తం. ఇది ఆరెదాంక మాత్రం నేను వదల.” కర్ర తన కడుపుకు ఆనించుకుని ఇంకా వెనక్కి వాలాడు. చొక్కా మీద గంజి చుక్కలు.

ఓనరమ్మ చీర దగ్గరికి వచ్చింది. అంచు మీద చేయి వేసింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలితో రాసుకుంటూ నడిచింది. ఆ బిగువుకు కుచ్చు ఒక్కటి లేదు. ఆగి, నా వైపు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, నడుము మీద చేయి పెట్టుకుని, పాతికేళ్లు బడి పిల్లల మీద అరిచిన గొంతుతో ఆటో అతని మీద అరిచింది.

“ఆ కడె హోగప్పా! కాణల్వా? చీరె ఒణగ్తా ఇదె!”

అటు పో నాయనా, కనబడడం లేదా, చీర ఆరుతోంది అని! వ్యాను వెనక్కి పోయింది, ఆటోలు వెనక్కి పోయాయి. నాకు నవ్వు ఆగలేదు. మా ఆయన కర్ర పట్టుకుని ఊగి ఊగి నవ్వుతుంటే, “నవ్వకు, బిగువు పోతది!” అని నేను అరవడం.

మిగతా సగానికీ గంజి రాశాను, ఎండ పడి ఆరేదాకా ఆయన అట్లాగే పట్టుకున్నాడు. దుకాణంలో సగం రోజు జీతం కోశారు. “నా సగం రోజు నీ గంజిల కలిసె” అన్నాడు సాయంత్రం వచ్చి.

సోమవారం గడపలో ఒక మూట కనబడింది. ఐదు నూలు చీరలు. మూట వెనక ఓనరమ్మ. “బాడిగె అష్టే ఇర్లి” అంది. కిరాయి అంతే ఉండనీ అని. ఇంకో మాట కూడా అంది. “రోడ్ మేలె మాత్ర బేడ.” రోడ్డు మీద మాత్రం వద్దు. మిద్దె తాళంచెవి నా చేతిలో పెట్టింది. అప్పుడు మొదటిసారి ఆమె పళ్లు చూశాను.

మా ఆయన కుర్చీ వేసుకుని ఎక్కి ట్రంకు పెట్టె మళ్లీ అటక మీద పెట్టాడు. కుంచె మాత్రం నేను బయటే ఉంచుకున్నాను.

తర్వాత కిరాయి పెరగలేదా అంటే పెరిగింది. ఆయన జీతం పెరిగినప్పుడు పెరిగింది, అంతకు ముందు పెరగలేదు. ప్రతి ఆదివారం మిద్దె మీద ఆమె చీరలు, నేనొక కొస, ఆయన ఒక కొస. మగ్గం మీద లాగే. మాట్లాడుకోవడానికి మాకు అంతకంటే మంచి చోటు దొరకలేదు. నా బిడ్డ నర్సు చదువుకు పోవాలని ఒప్పందమయింది కూడా ఒక చీర మడతకూ ఇంకో చీర మడతకూ నడుమనే.

ఆయన పోయిన పదిహేనో రోజున నేను మిద్దె ఎక్కాను. ఆ చివరి చీర ఇంకా అక్కడే, నేను పెట్టిన చోట ఉంది. మడత కదిలిపోయింది. ఒక్కదాన్ని ఎట్లా పెట్టను? మోకాళ్ల నొప్పులతో, మెట్టు మెట్టుకూ ఆగుతూ ఓనరమ్మ పైకి వచ్చింది. ఎదురుగా నిలబడి కొస అందుకుంది. ఆమెకు మడత పెట్టడం రాదు. వంకర టింకరగా పెట్టాం.

బిడ్డా, నువ్వు అడిగినదానికి నేను చెప్పింది ఇంతే. మీ ఆయనకు కూడా చదివి వినిపించు. పై నెల నేను వస్తున్నాను. పాపను నేను చూసుకుంటాను, కుంచె కూడా తెస్తాను. ఎవరూ ఎక్కడికీ పోయేది లేదు.

“నేను గూడ వస్తనని రాయనా వదినె? గా మిద్దె సూడాలె.”

“రాయి. జొన్నపిండి తెమ్మని గూడ నీకు నువ్వే రాసుకో. మూడు నెల్లకే వస్తరు అన్నది కొట్టెయ్యలే కదా? మంచిది. ఇగ చదువు పిల్లా. మొదట్నుంచి. కొస పట్టుకున్నవా అన్నది జర గట్టిగ చదువు, నా లెక్క. పట్టుకున్న అన్నది మెల్లగ, మీ అన్న లెక్క. చదువు, వింట.”